అరుగు కొలుచుకుంటూ నాలుగు రోజులు

విజయవాడ తిరిగొచ్చి మూడో రోజు. టేపు రీలులో ఇరుక్కున్న ఇసుక ఇంకా కరకరమంటోంది. బ్యాగు అడుగున నాలుగు తేగలు మిగిలాయి. అవి ఎండిపోయేలోగా ఇదంతా రాసేయాలని కూర్చున్నాను.

నేను పనిచేసేది ఒక చిన్న ఆర్కిటెక్టు ఆఫీసులో. ఉత్తరాంధ్రలో కాలేజీ నడిపే ఒక యాజమాన్యం వాళ్ళు ఈ మధ్య మా దగ్గరికొచ్చి, పిల్లల కోసం 'స్టూడెంట్ లైఫ్ బ్లాక్' కట్టిస్తామన్నారు. అందులో ఏముండాలి సార్ అంటే, "ఫారిన్ యూనివర్సిటీల్లో ఉంటాయి కదమ్మా, అలాంటిది. ముందువైపంతా గాజు" అన్నారు పెద్దాయన. గాజు వెనక ఏముండాలో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. అక్కడి పిల్లలు ఇప్పుడు ఎక్కడ కూర్చుంటున్నారో చూసొస్తానని మా బాసుని అడిగాను. సెలవిచ్చారు, ఖర్చులివ్వలేదు.

విజయనగరంలో బాబాయి ఉండబట్టి సరిపోయింది. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. "కుర్రాళ్ళు కూర్చున్న చోట కూర్చోడానికి నీకు జీతమిస్తారా?" అని ఫోన్లో నవ్వాడు. పది నిమిషాలాగి మళ్ళీ తనే ఫోన్ చేసి, నేనూ వస్తానన్నాడు.

డిసెంబరు 9, మంగళవారం. విజయనగరం

పిన్ని పొద్దున్నే ఇడ్లీ పెట్టి, "మధ్యాహ్నం కంద బచ్చలి, ఆవ పెట్టి చేస్తున్నాను. ఒంటిగంట దాటితే నాకు తెలీదు" అని వార్నింగ్ ఇచ్చి పంపింది.

ముందు కోటకి వెళ్ళాం. 1713లో కట్టిన కోట. 1958లో ఇక్కడి రాజవంశానికి చెందిన పీవీజీ రాజు గారు మాన్సాస్ అనే విద్యా ట్రస్టు పెట్టి దీన్ని చదువులకి అప్పగించారు. ఇప్పుడు లోపల కాలేజీలు. ప్రధాన గుమ్మం ఏనుగులు పట్టేంత పెద్దది కాబట్టి, స్కూటీలు దాని కింద చీమల్లా కనిపిస్తాయి. తొమ్మిదిన్నరకే ఎండ చురుక్కుమంటోంది. గుమ్మం కింద మాత్రం చల్లగా ఉంది, గాలి దూసుకొస్తోంది. ఇద్దరమ్మాయిలు బండి ఆపి, హెల్మెట్లు తీసి జడలు సర్దుకుంటున్నారు. ఒకబ్బాయి రికార్డు బుక్కు గోడకానించి ఆఖరి బొమ్మ వేసుకుంటున్నాడు, పక్కవాడు స్కేలు పట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు నిలబడి చూశాను. దాటిన ప్రతి నలుగురిలో ఒకరు ఏదో ఒక వంకన ఆగారు. కలుసుకుందామని అక్కడికి వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. దారి అటు, నీడ అక్కడ, తెలిసినవాడు ఎదురయ్యాడు, అంతే.

మా చదువులో దీనికి బోలెడు పెద్ద మాటలున్నాయి. బాబాయి మాత్రం, "గుమ్మం ఒక్కటైతే పలకరింపులు ఎక్కువ. పది గుమ్మాలు పెడితే ఎవడి దారి వాడిదే" అన్నాడు. లెక్కల మేష్టారు కదా, నిరూపణ అడిగితే బోర్డు కావాలంటాడని ఊరుకున్నాను.

అక్కణ్ణించి మహారాజా కాలేజీ. 1857లో బడిగా మొదలై 1879లో కాలేజీ అయింది. గురజాడ ఇక్కడే చదివి, ఇక్కడే పాఠాలు చెప్పారు. గిడుగు రామమూర్తి ఆయనకి క్లాస్‌మేటు. వాడుకభాష కోసం తరవాత ఇద్దరూ చేసిన పోరాటం మనకి పాఠాల్లో వస్తుంది గానీ, ఆ పిల్లలిద్దరూ బడి వదిలాక ఏ చెట్టు కింద నిలబడి కబుర్లు చెప్పుకునేవారో ఎవరూ రాయలేదు. నాకు కావలసింది ఆ చెట్టు అడ్రసు.

"అప్పట్లో హాస్టలు ఏదమ్మా? ఊరే హాస్టలు" అన్నాడు బాబాయి. మా తాతయ్య చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఈ ఊళ్ళో వారాలు చేసుకుని చదువుకున్నాడు. సోమవారం ఒకరిల్లు, మంగళవారం ఇంకొకరిల్లు. గురువారం ఇంటావిడ మజ్జిగలో నీళ్ళు ఎక్కువ పోస్తుందని ఎనభయ్యేళ్ళొచ్చినా ఆయనకి కోపం పోలేదు. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలకి వచ్చిన ఘంటసాల కూడా ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకునే పాట నేర్చుకున్నారు. ఎవరింట్లోనో అన్నం, ఇంకెవరి అరుగుమీదో చదువు, రాత్రి సత్రంలో పడక. ఒక్కో కుర్రాడికి ఏడిళ్ళు తెలిసేవి. ఇప్పుడు ఊరికి పది కిలోమీటర్ల అవతల, చుట్టూ ప్రహరీ కట్టిన క్యాంపస్‌లో చదివే అబ్బాయికి ఈ ఊళ్ళో తెలిసినవి మాల్, బస్టాండు.

ఇంటికి చేరేసరికి రెండుంపావు. పిన్ని ఏమీ అనలేదు, అది ఇంకా భయం. కంద బచ్చలి చల్లారిపోయినా ఆవ ఘాటు ముక్కులోకి ఎక్కింది. ఇక్కడ కూరల్లో నువ్వుల నూనె వాసన, పులుసులో బెల్లం. కృష్ణా జిల్లాలో పెరిగిన నా నాలుకకి మొదటి ముద్ద తియ్యగా, వింతగా తోస్తుంది. మూడో ముద్దకి ఇంకొంచెం పులుసు అడుగుతాను. ప్రతిసారీ ఇదే వరస. పిన్నికి కూడా మూడో ముద్దకే కోపం పోయింది.

సాయంత్రం అయ్యకోనేరు గట్టు. పరీక్షలకి చదివే కుర్రాళ్ళు, వాకింగ్ ముసలాళ్ళు, మురీ మిక్చర్ బండి. పొట్లం 30 రూపాయలు. టమాటా ముక్కలు, వేరుశెనగలు, నిమ్మరసం, పైన చారెడు ఉల్లిపాయ. గట్టు పిట్టగోడ మీద కూర్చుని తింటూ, ఎదుటివాళ్ళు చూస్తున్నా సిగ్గుపడకుండా టేపు తీసి కొలిచాను. నేల నుంచి 18 అంగుళాలు. నా మోకాళ్ళు హాయిగా మడత పడ్డాయి.

డిసెంబరు 10, బుధవారం. రెండు కాలేజీలు

మాకు పని ఇచ్చిన యాజమాన్యం కాలేజీ ఊరి బయట ఉంది. పేరు రాయను. ఆటో అబ్బాయికి పేరు చెప్పాం. ఈ చుట్టుపక్కల దేవుడి పేరుతో మొదలయ్యే కాలేజీలు ఎన్నున్నాయో ఆ దేవుడికే తెలియాలి. మనిషికి 30 చొప్పున తీసుకుని, గేటు ముందు దింపి, ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. తీరా చూస్తే అది వేరే కాలేజీ. ఎప్పటిదో పాతది, పెంకుల వరండాలు, పక్కనే హాస్టలు. బాబాయికి ఒళ్ళు మండింది. నేను మాత్రం ఆ వరండా చూసి టేపు తీశాను.

వరండా వెడల్పు ఎనిమిదడుగులు. అంచున పొడవునా పిట్టగోడ, ఎత్తు 17 అంగుళాలు, పైభాగం వెడల్పు 14. పాత సున్నం గచ్చు, మధ్యమధ్యలో నల్లబండలు పరిచారు. ఆ బండలు ఒకచోట అద్దంలా నునుపెక్కాయి. ఇంకోచోట గరుకు పోలేదు. నునుపెక్కినవన్నీ స్తంభాల పక్కన ఉన్నవే. వీపు ఆనించే చోటు ముందు అరుగుతుంది. ఒక స్తంభం పక్కన బండ మీద మేకుతో గీసిన దాడి ఆట పటం ఉంది, ఒకదాన్లో ఒకటి మూడు చదరాలు. గీతల్లో దుమ్ము లేదు, కాయలుగా వాడిన చింతగింజలు రెండు మూలన పడి ఉన్నాయి. ఫోన్లున్న కాలంలో కూడా ఎవరో నిన్నో మొన్నో ఆడారన్నమాట.

అక్కడి వాచ్‌మన్ కర్ర తాటించుకుంటూ వచ్చాడు. "ఏటమ్మా కొలుస్తన్నారు? కూల్చీస్తారేటి?"

"లేదు బాబూ. ఇలాంటిదే ఇంకోటి కడదామని."

"ఇలాటిదా?" అని వరండా వైపు మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "కొత్తగా ఎవులు కడతారమ్మా ఇలాటియి!"

తరవాత తనే చెప్పుకొచ్చాడు. ముందు ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉండేదట, 2014లో హుద్‌హుద్ గాలికి పడిపోయింది. "సెట్టున్నప్పుడు గుంటలందరూ ఇటే. సెట్టు పోనాక ఆ సివరకి ఎల్లిపోనారు. మల్లీ కానుగ ఏసినాం. ఇప్పుడిప్పుడే తిరిగొస్తన్నారు." పదకొండేళ్ళు పట్టింది, ఒక నీడ మళ్ళీ తయారవడానికి. మేం ఏ బిల్డింగుకైనా ఎస్టిమేట్ వేసేటప్పుడు చెట్లని ఆఖరి పేజీలో 'ల్యాండ్‌స్కేపింగ్' అని ఒక మొత్తం పడేసి వదిలేస్తాం. యాజమాన్యాలు ముందు కోసేదీ ఆ లైన్నే.

డిసెంబరు కదా, పొద్దున పిల్లలు తూర్పు వరండాలో ఎండకాగుతూ కూర్చున్నారు. పదకొండయ్యేసరికి ఒక్కొక్కరే లేచి పడమటి వైపుకి చేరారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆవరణ చుట్టూ నాలుగు వైపులా కూర్చునే చోటు ఉండటంతో ఎండకి తగ్గట్టు సర్దుకుంటున్నారు.

అసలు కాలేజీకి ఇంకో ఆటో, 40 రూపాయలు. గేటు దగ్గర రిజిస్టరు, ఆధారు, ఫోటో. లోపల నాలుగెకరాల పచ్చిక, మధ్యలో ఫౌంటెను, గడ్డి మీద నడవరాదని ఆరు బోర్డులు. ఆ బోర్డుల మధ్య నుంచే లైబ్రరీ వైపు ఒక సన్నటి మట్టిదారి పడింది, పొలంగట్టులా. సిమెంటు బాట చుట్టూ తిరిగి వెళ్తుంది, పిల్లలు అడ్డంగా వెళ్తారు. దాని మీద ఎవరో ముళ్ళకంప వేశారు. కంప పక్కనుంచి రెండో దారి పడింది.

గ్రానైటు బెంచీలు పద్నాలుగు లెక్కపెట్టాను. అన్నిటి మీదా దాతల పేర్లున్నాయి. పన్నెండు గంటలకి రెండింటి మీద మనుషులున్నారు, ఆ రెండూ ట్రాన్స్‌ఫార్మరు గది నీడలో ఉన్నవి. ఒక బెంచీ మీద కూర్చుని చూశాను, పెనం. డిసెంబర్లో ఇలాగైతే ఏప్రిల్లో దోసె పొయ్యొచ్చు. పైగా ప్రతి బెంచీ రోడ్డు వైపే తిరిగి ఉంటుంది, ఒకదానికొకటి ఇరవై అడుగుల దూరం. నలుగురు ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకోవాలంటే ఇద్దరు నిలబడాలి. ఒక అబ్బాయీ అమ్మాయీ పక్కపక్కన కూర్చున్నారు. సెక్యూరిటీ ఆయన విజిల్ వేశాడు. ఇద్దరూ అలవాటైనట్టు చెరో చివరికీ జరిగారు. ఇంకో విజిల్ పడలేదు.

క్లాసురూముకి 66 చదరపు మీటర్లుండాలని ఇంజినీరింగ్ కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ రూలు. ఆ లెక్క తు.చ. తప్పకుండా ఉంది. కారిడారు మాత్రం ఆరడుగులే. పీరియడ్ మారినప్పుడు రెండువైపుల నుంచీ జనం తోసుకొస్తే నేనూ బాబాయీ గోడకి బల్లుల్లా అతుక్కుపోయాం. చదువుకునే రోజుల్లో మమ్మల్ని బెంగళూరు ఐఐఎంకి టూరు తీసుకెళ్ళారు. దాన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్టు బి.వి. దోషి గారు అక్కడ నడవాల్ని ఒకచోట ఇరుకు చేసి, ఒకచోట వెడల్పు చేసి, పైన కొన్నిచోట్ల కప్పు, కొన్నిచోట్ల పందిరి దూలాలు పెట్టారు. క్లాసులోంచి బయటపడ్డ మాట అక్కడే ఇంకాసేపు సాగుతుంది. ఆ కట్టడం అంతా రాయి, అంత డబ్బు మనకి రాదు. కానీ ఆరడుగుల కారిడారుని ప్రతి నాలుగు గదులకీ ఒకసారి పదడుగులు చేసి, గోడకి ఒక అరుగు కట్టడానికి ఎంతవుతుంది?

క్యాంటీను బస్సుల షెడ్డు వెనక ఉంది. సమోసా 15, టీ 12. టీ నీళ్ళలా ఉంది. పిల్లలందరూ హైవే దాటి అవతలి పాకకి వెళ్తున్నారు. మేమూ దాటాం, లారీల మధ్య ప్రాణాలరచేత పట్టుకుని. అక్కడ టీ పది రూపాయలే, బెంచీ అంటే రెండు రాళ్ల మీద చెక్క. చెక్క మీద ఏడుగురు కూర్చున్నారు.

నాలుగున్నరకి అర్థమైంది అసలు సంగతి. నాలుగూ నలభైకి కాలేజీ బస్సులు బయల్దేరతాయి. ఆ బస్సు తప్పితే చీపురుపల్లి పిల్లవాడు, గజపతినగరం పిల్లవాడు ఇంటికి చేరడం కష్టం. పది నిమిషాల్లో క్యాంపస్ ఖాళీ. క్రికెట్టు బ్యాటుతో ఒకడు పరిగెడుతున్నాడు, బ్యాటు ఎందుకు తెచ్చాడో పాపం. నేను ఎంత అందమైన బ్లాకు గీసినా, దాని తాళంచెవి బస్సు టైమ్‌టేబుల్ దగ్గర ఉంది. ఏడింటికి ఒక రెండో ట్రిప్పు వేస్తే అయ్యే డీజిలు ఖర్చు, గాజు అద్దాలు తుడిపించే ఖర్చు కన్నా తక్కువని బాబాయి పేపరు నాప్‌కిన్ మీద లెక్క వేశాడు. గాజు తుడిచే రేటు ఆయనకెలా తెలుసో అడగలేదు.

ఆఫీసు వాళ్ళ అనుమతితో అమ్మాయిల హాస్టలుకి నేనొక్కదాన్నే వెళ్ళాను. గేటు ఆరింటికి పడుతుంది. "మేం కూర్చునే చోటు చూపిస్తాం రండి మేడమ్" అని నలుగురు వెనక్కి తీసుకెళ్ళారు. ఓవర్‌హెడ్ ట్యాంకు కింద, బట్టలుతికే బండల పక్కన మూడు మెట్లు. మీద తాడు మీద ఆరేసిన చున్నీలు, కింద తడి. మెట్ల మీద న్యూస్ పేపరు పరుచుకుని రేగుపళ్ళు ఉప్పూకారం అద్దుకుని తింటున్నారు. నాకూ గుప్పెడు పెట్టారు. ఒకమ్మాయిది సీతంపేట దగ్గర, ఆశ్రమ పాఠశాలలో చదివి వచ్చింది. అక్కడ రాత్రి ఎనిమిది దాకా ఆరుబయటే చదివేవాళ్ళమని చెప్పింది. గోడ అవతల గ్రౌండులో అబ్బాయిలు లైట్లు వేసుకుని వాలీబాల్ ఆడుతున్న అరుపులు వినిపిస్తున్నాయి.

నా నోట్‌బుక్కు తిరగేసి ఆ సీతంపేట అమ్మాయే అడిగింది: "మేడమ్, మీరు కట్టేదాంట్లో మేం ఎన్నింటి దాకా ఉండొచ్చు?"

రేగుగింజ ఎక్కడ ఉమ్మాలా అని చూస్తున్నట్టు నటించాను.

డిసెంబరు 11, గురువారం. చిలకపాలెం, శ్రీకాకుళం

శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఉచితం కాబట్టి కండక్టరు నాకు సున్నా టికెట్ కొట్టాడు. బాబాయి డబ్బులిచ్చి కొనుక్కుని, ఆ రెండు టికెట్లూ పక్కపక్కన పెట్టి కాసేపు చూసుకున్నాడు. బస్సు నిండా కాలేజీ అమ్మాయిలే. రికార్డులు ఒళ్ళో పెట్టుకుని, ఇయర్‌ఫోను చెరొకటి పంచుకుని, పైడిభీమవరం నుంచి రణస్థలం దాకా ఒకటే నవ్వులు. మగపిల్లలకి టీ పాక ఎలాగో, వీళ్ళకిప్పుడు ఈ బస్సు అలాగ.

నా పక్క సీట్లో ఒక అబ్బాయి, సచివాలయంలో ఉద్యోగం. ఏదో రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడట. నా పని విని, "ఫ్రెండ్సుతో కూర్చోడానికి చోట్లు ఎలాగో దొరికేవి మేడమ్. ఇంటి మీద బెంగొచ్చినప్పుడు ఒక్కడూ కూర్చోడానికి మాత్రం బాత్‌రూమే దిక్కు" అన్నాడు. ఇది నా లిస్టులో లేదు. నలుగురు కూర్చునేవే రాసుకున్నాను అప్పటిదాకా.

చిలకపాలెం జంక్షన్‌లో దిగాం. ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ హైవే పక్కనే ఉంది. 1977లో ఆంధ్రా యూనివర్సిటీ పీజీ సెంటరుగా మొదలై, 2008లో సొంతంగా యూనివర్సిటీ అయింది. అదే మండలంలో ఎస్.ఎం. పురం దగ్గర 2016లో వచ్చిన ట్రిపుల్ ఐటీ. పదో తరగతి అవగానే అక్కడికి వస్తారు, రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్. అంటే పదహారేళ్ళ పిల్లలూ ఇరవై రెండేళ్ళ వాళ్ళూ ఒకే ప్రాంగణంలో. ఒకరికి పరిగెత్తే చోటు కావాలి, ఇంకొకరికి ఇంటర్వ్యూకి అద్దం ముందు నిలబడి మాట్లాడుకునే చోటు కావాలి. దాన్ని దూరం నుంచే చూశాం, అనుమతి అడగలేదు. బాబాయికి మోకాలు నొప్పి మొదలైంది, నాకు టీ కావాలి.

హైవే పక్కన ఒక టీ బడ్డీ. నడిపే ఆవిడ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "ఎవుల తాలూకా అమ్మా?" అంది. బాబాయి ముఖం వెలిగిపోయింది. ఊరు, ఇంటిపేరు, తోడల్లుడి ఊరు అన్నీ వరసగా చెప్పాడు. ఐదు నిమిషాల్లో ఆవిడకీ మాకూ దూరపు చుట్టరికం తేలింది. బజ్జీలు రెండు ఎక్కువ పడ్డాయి.

గల్లాపెట్టె మీద క్యూఆర్ కోడ్ ఉంది, దాని పక్కనే అరువు పుస్తకం. నెలాఖరుకి ఇచ్చే పిల్లల లెక్కలు. చూడొచ్చా అంటే, తూడండి అంది. పేర్లు లేవు అందులో. 'గళ్ళ సొక్కా 45. పలాస 30. కవిత్వం 120. నవ్వే గుంట 15.' కవిత్వం ఎవరంటే, సాయంత్రం పూట స్తంభానికి ఆనుకుని పెద్దగా చదువుతాడట, మిగిలినవాళ్ళు గోల చేస్తారట. "డబ్బులు ఆలీసంగా ఇస్తాడు గానీ మంచోడు. ఆడు రాని రోజు బేరం తగ్గుద్ది." నూట ఇరవై రూపాయలు బాకీ ఉన్నా ఆ కుర్రాడి వల్ల ఆవిడకి లాభమే.

నా దగ్గర ఐదొందల నోటు, ఫోన్లో సిగ్నల్ లేదు. బాబాయి జేబులో చిల్లరంతా పోగేస్తే పది తక్కువైంది. ఆవిడ పుస్తకం తీసి నిమ్మళంగా రాసుకుంది: 'టేపు 10.'

సాయంత్రానికి శ్రీకాకుళం. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర లాడ్జీలో రెండు గదులు 1,600. డే అండ్ నైట్ జంక్షన్ వైపు నడిచి, తిరిగి వస్తూ దారి తప్పి నాగావళి గట్టు దగ్గర తేలాం. నదిలో నీళ్ళు సగమే ఉన్నాయి. ఇసుక మీద కుర్రాళ్ళు గుంపులుగా కూర్చున్నారు. ఒక్క అమ్మాయి లేదు. ఆరూ పది అయింది టైము.

డిసెంబరు 12, శుక్రవారం. శాలిహుండం

పొద్దున బండి మీద చోడి అంబలి, అంటే రాగి జావ, గ్లాసు 20. పచ్చి ఉల్లిపాయ, ఊరమిరపకాయ పక్కన. విజయవాడలో ఇదే 'మిల్లెట్ డ్రింక్' అని ఎనభైకి అమ్ముతున్నారని చెబితే బండి అబ్బాయి నమ్మలేదు.

శాలిహుండం అసలు నా ప్లాన్లో లేదు. బాబాయి పట్టుదల. 1919లో ఈ కొండ మీది బౌద్ధ శిథిలాల్ని గుర్తించింది గిడుగు రామమూర్తి గారని, "మంగళవారం మొదలుపెట్టిన మనిషిని శుక్రవారం దాకా వదలకూడదు" అన్నాడు. ఆటో రానూపోనూ 800కి బేరం కుదిరింది. దారి పొడవునా వరికుప్పలు, రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం. ఆటో దాని పక్కనుంచి గౌరవంగా పోయింది. మధ్యలో తేగలు కొన్నాం, కట్ట 50.

కొండ ఎత్తు తక్కువే. పైకి మెట్ల దారి, అటూ ఇటూ ఇటుక స్తూపాలు, చైత్యగృహాల పునాదులు, ఎదురుగా వంశధార. శతాబ్దాల తరబడి ఒకరి తరవాత ఒకరు కట్టుకుంటూ పోయిన చోటు. బాబాయి పదిహేను మెట్లకోసారి ఆగాడు. ఆగిన ప్రతిచోటా కూర్చోడానికి ఏదో ఒక అంచు దొరికింది, కూర్చున్న ప్రతిచోట నుంచీ నది కనిపించింది. కావాలని అలా కట్టారో, పడిపోగా అలా మిగిలిందో చెప్పలేను.

ఏదో డిగ్రీ కాలేజీ అమ్మాయిలు పిక్నిక్కి వచ్చారు, నలభై మంది దాకా. మేడమ్‌లు ముందు వరసలో నిలబెట్టి ఫోటో తీశారు. తీయగానే విడిపోయారు. ఇటుక వలయం అంచు మీద ఎనిమిది మంది గుండ్రంగా కూర్చుని పులిహోర డబ్బాలు విప్పారు. ముగ్గురు మెట్ల మీద, ఒకరి వెనక ఒకరు, జడలు వేసుకుంటూ. ఇద్దరు కాస్త దూరంగా చెట్టు కింద గంభీరంగా ఏదో మాట్లాడుకుంటూ. ఒకమ్మాయి ఒక్కతే చివర, నది వైపు తిరిగి, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఆమెని పిలవలేదు, ఆమె ఎవరికీ దూరంగానూ లేదు. నిన్న బస్సులో అబ్బాయి అడిగింది అలాంటి చోటే. అక్కడి నుంచి గుంపు దగ్గరికి ఎన్ని అడుగులో కొలిచాను, ముప్పై ఒకటి. నోట్‌బుక్కులో ఆ అంకె చుట్టూ సున్నా చుట్టాను.

తిరుగు బస్సు చిలకపాలెంలో ఆగలేదు. పది రూపాయలు అలాగే ఉన్నాయి.

డిసెంబరు 15, సోమవారం. ఆఫీసు

ఈ పొద్దున యాజమాన్యం వాళ్ళకి తొలి స్కెచ్ చూపించాం. గాజు లేదు. లైబ్రరీకీ బస్సులాగే చోటుకీ మధ్య, పిల్లలు ఎలాగూ అడ్డంగా నడిచే దారి మీద, పెంకుల కప్పు కింద నాలుగు వైపులా అరుగులు. ఎత్తు 17, వెడల్పు 14, స్తంభాలు ఎక్కువ. క్యాంటీను బస్సుల షెడ్డు వెనకనుంచి ఇక్కడికి వచ్చింది. ఒక మూల ముప్పై అడుగుల దూరంలో ఒక్కరు కూర్చునే చిన్న అరుగు. అమ్మాయిల హాస్టలు గోడ ఈ ఆవరణకి ఒక పక్క తగులుతుంది, అక్కడ ఒక తలుపు, రాత్రి తొమ్మిదింటి దాకా.

పెద్దాయన చాలాసేపు చూశారు. "ఇక్కడ ఏం జరుగుతుందమ్మా?"

"కూర్చుంటారు సార్."

"ఖాళీగా కూర్చోబెడితే పాడైపోరూ?"

బాబాయి నాప్‌కిన్ లెక్క చూపించాను. రెండో ట్రిప్పు బస్సుకి ఒప్పుకున్నారు, లెక్క ఎవరు వేశారని కూడా అడిగారు. చెట్లకి సరేనన్నారు, వచ్చే జూన్‌లోనే నాటించేస్తామన్నారు. తలుపు దగ్గర ఆగిపోయారు. తల్లిదండ్రులు అడుగుతారన్నారు, ఏదైనా జరిగితే ఎవరిది పూచీ అన్నారు. భద్రత పేరు చెప్పి అమ్మాయిలకి వేరే రూల్సు పెట్టొద్దని 2013లో యూజీసీ టాస్క్‌ఫోర్సు చెప్పిందన్నాను. కాగితం పంపించండి, చూస్తామన్నారు. వాలీబాల్ లైట్ల సంగతి ఎత్తాను. మా బాసు బల్ల కింద నా కాలు తొక్కారు.

చివరికి, "తలుపు రెండో ఫేజులో చూద్దాం" అన్నారు.

మధ్యాహ్నం డ్రాయింగు సవరించాను. రెండో ఫేజు పనులన్నీ మేం చుక్కల గీతతో చూపిస్తాం. తలుపుని చుక్కల్లోకి మార్చి, ఆ గోడలో తలుపు మీద పడే దూలాన్ని మాత్రం మొదటి ఫేజులోనే వేసేశాను. ఇటుకలు తీస్తే చాలు.